స్ప్రింగు పోయిన సీటు

ఫహాహీల్ సముద్రం మీద ఇంకా వెలుగు పడదు.
ఐదుంబావుకు డోరు తీసి
బస్సు మెట్టు మీద నిలబడతా.
పేరు ఓబుళమ్మ. పిల్లోళ్ళకు బస్సాంటీని.
తలలు లెక్కపెట్టడం నా ఉద్యోగం.

పోయినేడు దాకా లెక్క సులువు.
మంగాఫ్‌లో బకాలా పక్క బిల్డింగు ముందర
రెండు తలలు ఒకేసారి ఎక్కేవి.
కెజియా, కాలేబు.
ఏడు నిమిషాల తేడాతో పుట్టినారు.
ఆ ఏడు నిమిషాలకే ఆ పిల్ల అక్క,
ఆ అక్కరికానికే కిటికీ పక్క తనది.

ఏప్రిల్లో ఆఫీసు నుంచి కాయితం వచ్చింది.
ఐదో తరగతి నుంచి మిడిలంట.
మిడిల్ నుంచి ఆడపిల్లలు పొద్దున,
మొగపిల్లలు మధ్యాన్నమంట.
బిల్డింగు అదే, బల్లలు అవే,
బస్సు అదే, దాంట్లో నేనూ అదే.
గడియారమే
నడిమధ్యలో గోడ కట్టుకునింది.

"మిడిలంటే ఏంది ఆంటీ?"
"మధ్య అని."
"దేనికీ దేనికీ మధ్య?"
నాకేం తెలుసు.
డ్రైవరు షంసుద్దీన్ కాకాను అడిగినా.
ఆయన మనవళ్ళ బడిలో ఆరు నుంచంట.
పక్క రూటు ఆయా నవ్వింది,
వాళ్ళ కాడ ఏడు దాకా చిన్నపిల్లలేనంట.
అంటే రోడ్డుకు ఈ పక్క పెద్దదైపోయిన పిల్ల
ఆ పక్కకు దాటితే
ఇంకా చిన్నదే.

మా ఊర్లో ఈ పేర్లేం లేవు.
ఐదు దాకా మా బడి,
ఆరు ఏటికి అవతల.
ఆ ఏడు ఏట్లో నీళ్ళు గూడా లేవు, ఉత్త ఇసక.
మా నాయన గట్టున నిలబడి
ఆడపిల్ల అడుగులు ఇసకలో ఎంత దూరం కనపడతాయో
చూసుకున్నాడు.
ఐదులోనే నిలేసినాడు.
ఈడ ఇన్నేళ్ళైనా
ఎడారిని చూసినప్పుడల్లా
ఇది ఆరో తరగతికి దోవేమో అనిపిస్తాది.

పన్నెండుంబావుకు మొగపిల్లల్ని దించుతాం.
వాళ్ళు లోపలికి పోయినంక గానీ
ఆడపిల్లల గేటు తీయరు.
ఈ గేటుకూ ఆ గేటుకూ నలభై అడుగులు.
వాళ్ళమ్మ నర్సు, జామెట్రీ బాక్సు ఒకటే కొనింది,
ఒకే బెంచీ గదా అని, కాయితం రాకముందు.
ఇంకోటి కొంటానంటే పిల్లలే వద్దన్నారంట.
కెజియా ఊచల సందులోంచి అందిస్తాది,
నేను చున్నీ కింద పెట్టుకుని ఉరుకుతా.
కాలేబు లైన్లో కడాకు నిలబడి
చెప్పు తెగినట్టు వంగి ఉంటాడు.

ఒకనాడు నా చేతిలోంచి జారి పడింది.
పెన్సిలొకటి, రెండు పక్కలా చెక్కింది,
ఒక కొస వాడిగా, ఒక కొస కొరికి కొరికి.
మడిచిన చీటీ ఒకటి.
చర్చిలో నేర్చుకున్న తెలుగు, గుమ్మడికాయలంత అక్షరాలు.
చదవగలిగినా, నాకు ఐదు దాకా వచ్చు గదా.
"సైన్సు మేడం టెస్టు పెట్టింది.
కప్ప బొమ్మ. నాలుక మర్చిపోవద్దు."

చీటీ మడిచి అట్లే పెట్టినా.
బాక్సు మూత ఎండకు కాలతా ఉండింది.
వాడు అందుకుని నా మొకం చూసినాడు.
"కప్ప," అన్నా.
లోపలికి ఉరికినాడు.

పొద్దున కెజియా కిటికీ పక్కనే కూర్చుంటాది,
పక్క సీట్లో బ్యాగు పెట్టి.
సందేళ తిరిగొచ్చేటప్పుడు కాలేబు
కిటికీ వదిలేసి ఈ పక్కనే,
ఎవురో లోపలికి జరగాల్సి ఉన్నట్టు
కాళ్ళు ముడుచుకుని.

నిన్న సూపర్‌వైజరు ఫోన్ చేసినాడు.
కొత్త అడ్మిషన్లు ఉన్నాయి,
పొద్దునొకరు, మధ్యాన్నమొకరు,
నీ బస్సులో సీటు ఖాళీ ఉండాది గదా అని.
లేదు సార్, స్ప్రింగు పోయింది,
పిల్లోళ్ళకు గుచ్చుకుంటాది అన్నా.

షంసుద్దీన్ కాకా అద్దంలో నన్ను చూసినాడు.
మాట్లాడకుండా గేరు మార్చినాడు.
ఇన్‌స్పెక్షను వచ్చేదాకా
పోయిన స్ప్రింగు పోయినట్టే.